మూత పెట్టిన ప్లేటు

2023 ఎండాకాలం. అప్పటికి కామారెడ్డిలో ఒక డయాలసిస్ సెంటర్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కిడ్నీలు పనిచేయని వాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేయడం మా పని. వారానికి రెండు మూడుసార్లు మా ముందే పడుకునేవాళ్లు పేషెంట్లుగా మిగలరు, ఇంటివాళ్లయిపోతారు. అందుకే తిట్టే హక్కు కూడా నాదే అనుకుంటాను. ఒంట్లో నీరు చేరకుండా, నా నోటికి జడిసి తాగే నీళ్లు తగ్గించినవాళ్లు చాలామందే ఉన్నారు.

జడవనిది సాయిలు సార్ ఒక్కరే. ఎల్లారెడ్డిలో ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవారు. భార్య రాజమణితో పొద్దున బస్సుకు వచ్చేవారు. మిషన్ మీద ఉన్నంతసేపూ హైదరాబాద్‌లో తాను ఎం.ఏ. చదివిన యూనివర్సిటీ ముచ్చట్లే.

అక్కడి హాస్టల్లో ఒక పద్ధతి ఉండేదట. ఎవరైనా ఊరినుంచి ఆలస్యంగా వస్తుంటే, మెస్ మూసేలోపు దోస్తులు అన్నం, పప్పు పెట్టించి, పైన ఇంకో ప్లేటు మూతపెట్టి గదిలో ఉంచేవారు. వచ్చినవాడు ఒంటరిగా తినకూడదు. పడుకున్నవాళ్లను లేపి తలో ముద్ద పెట్టాకే తాను తినాలి. చదువులయ్యాక కూడా ఏటా ఒక ఆదివారం బ్యాచ్ అంతా ఆ మెస్‌లోనే కలుస్తుంది. ఆలస్యమైనవాళ్లకు ఇప్పటికీ ప్లేటు మూతపెడతారు.

"ఆ పప్పు మీకు పడది సార్. పొటాషియం పెరిగితే గుండె మీదికొస్తది," అనేదాన్ని.

"ఒక్క ముద్ద సిస్టర్."

"మీ ముద్దలు నాకు తెల్వయా? ప్లేటు ఖాళీ అయితది."

ఆ ఏడు ఆయన ఆరోగ్యం బాగా దిగజారింది. కాళ్ల వాపు, ఆయాసం. "ఈసారి మెస్‌కు పోనియ్యుండ్రి. మల్ల ఏడాదికి ఉంటనో లేనో," అన్నారు. రాజమణి కిటికీ వైపు తిరిగింది.

నేనే డాక్టరు గారిని అడిగాను. బ్యాచ్ కలిసే ఆదివారానికి ముందు, శనివారం మిషన్ అయ్యేసరికి డ్రై వెయిట్‌కు, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుకు వస్తే వెళ్లొచ్చన్నారు. ఆ వారమంతా సాయిలు సార్ గొంతు తడుపుకోవడానికే నీళ్లు తాగారు. నాకు తిట్టే పనే పడలేదు.

శనివారం మిషన్ మీదుండగానే బీపీ పడిపోయింది. మధ్యలోనే ఆపేసి వార్డులో చేర్చాం. తేరుకోగానే ఆయన అడిగింది, "బస్సుకు టైముందా?" అని. డాక్టరు వద్దన్నారని చెప్పేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది.

ఆదివారం వీడియో కాల్ వచ్చింది. ఆయన రూమ్మేట్ భూమయ్య మెస్‌లో మూతపెట్టిన ప్లేటు చూపించాడు.

"సాయిలూ, నీ ప్లేటు గిదే. ఎప్పుడొస్తవ్?"

"మూత తియ్యకురా. నేనొస్త."

మంగళవారం తెల్లారేసరికి ఆయన లేరు.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడితే, పిట్ట ముట్టాకే వాళ్ల ఆశ తీరిందని నమ్మకం. ఆ రోజు ఎల్లారెడ్డి వెళ్లాను. హైదరాబాద్ నుంచి దోస్తులంతా వచ్చారు. భూమయ్య ఆ మెస్ అన్నం, పప్పు రెండు ప్లేట్ల మధ్య పెట్టి తువ్వాలలో కట్టి తెచ్చాడు. మూత తీసి ఇంటి వంటల పక్కన పెట్టాడు. కాకి వచ్చింది. ఇంటి కూర ముట్టి ఎగిరిపోయింది. ఎండ నెత్తికెక్కేదాకా నిలబడ్డాం. మెస్ ప్లేటు దగ్గరికి ఏ పిట్టా రాలేదు.

"మా మీద అలిగిండు చెల్లె," అన్నాడు భూమయ్య.

"అలగలే అన్నా," అని రాజమణి లేచింది. "మీకు పెట్టంది ఆయన ఎన్నడన్న తిన్నడా?"

ఆ ప్లేటు తీసుకుని అన్నం కలిపింది. పిట్టకు పెట్టింది మనుషులు తినరని పెద్దలు గొణిగారు. ఆమె వినలేదు. ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెట్టుకుంటూ వచ్చి, నా చేతిలోనూ పెట్టింది. నేను ఆయనకు వద్దన్న పప్పు. మెతుకు మిగలకుండా తిన్నాను. మిగిలిన ఒక్క ముద్దనూ ఆయన వంతని ఆమె మళ్లీ పిట్టకే పెట్టింది.

హైదరాబాద్ నుంచి కామారెడ్డి ఎంత దూరం? పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికల్లా మా వార్డులో ఉంటారు. ఆయన బతికుండగా ఆ ప్లేటునే ఇక్కడికి తెమ్మనాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, వాళ్లకు రాలేదు, నాకూ రాలేదు. ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే, ఇంటివాళ్ల సంగతి తెలుసుకున్నాక ఇంకోటి కూడా అడుగుతాను.

"మీకోసం అన్నం మూతపెట్టే దోస్తులున్నరా? ఉంటే ఇప్పుడే రమ్మనుండ్రి."