వెనక్కి దాటని అడుగు

మొన్న కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోన్లో పొడుగుమెడ డైనోసార్ల వీడియో చూస్తుంటే, మర్యాద మరిచి నేనూ తొంగి చూశాను. వాటి ఎముకను అడ్డంగా కోస్తే చెట్టు మొద్దులో లాగా వలయాలు కనిపిస్తాయట. మేత దొరకని కాలంలో ఎదుగుదల ఆగి గీత పడుతుందట, దొరికితే మళ్ళీ సాగుతుందట. కొన్ని జాతులు ఆగకుండా గబగబా పెరిగాయి, కొన్ని ఆగి ఆగి పెరిగాయి. రెండు దారుల్లోనూ కొండంత జంతువులే వచ్చాయి. ఈ సంగతి నాకు కొత్త కాదు. మా బడిలో సైన్సు సారు ఎప్పుడో చెప్పారు, అదీ మా నాయనమ్మ కోసం.

తొమ్మిదో తరగతిలో ప్రార్థన వరుసకు ముందు నిలబడేదాన్ని నేనే. అంటే అందరికన్నా పొట్టిదాన్ని. ఇంట్లో ఎవరికీ పట్టని ఈ విషయం, తుంగతుర్తి నుంచి వచ్చి మాతో ఉంటున్న నాయనమ్మను మాత్రం తొలిచేసింది. పడుకున్న పిల్లను దాటితే ఎదగదని, పొరపాటున దాటినా వెంటనే వెనక్కి దాటితే దోషం పోతుందని మా వైపు నమ్మకం. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, పాలు పొంగుతున్నాయని నాయనమ్మ నన్ను దాటి ఉరికిందట, తిరిగి దాటడం మరిచిందట. పాలు దక్కాయి, పిల్ల పొట్టిదైంది. ఆ తర్వాత నేను కునుకు తీస్తే చాలు, చీర ఎత్తిపట్టుకొని నా మీంచి వెనక్కి దాటేది. ఏ వైపు వెనక్కో గుర్తులేక రెండోవైపు నుంచీ దాటేది, కథ మళ్ళీ మొదటికొచ్చేది. మేము నవ్వేవాళ్లం. ఆమె నా ముఖం చూడకుండా అన్నం పెట్టడం మొదలయ్యాక నవ్వు ఆగింది.

ఒకరోజు బడికొచ్చి సారు ముందు నిలబడింది. "నేనే దాటిన సారూ. మళ్ల ఎనక్కి దాటుడు మర్సిన. ఇగ ఇది ఎదగదా?"

సారు సరిహద్దు అవతలి ఆంధ్ర మనిషి. నవ్వకుండా కూర్చోబెట్టి, నా చిన్ననాటి రోగాలన్నీ అడిగి, పుస్తకంలో డైనోసార్ ఎముక బొమ్మ చూపి గీతల సంగతి చెప్పారు. ఇంత పెద్దదాన్ని ఎవరు దాటగలరమ్మా అన్నారు. నాయనమ్మ ఊరుకునే రకం కాదు.

"గుడ్డులకెళ్లి వచ్చినప్పుడు సిన్నగనే ఉంటది గద సారూ. ఏదో ఒకటి దాటే ఉంటది."

"దాటే ఉంటుందమ్మా. అయినా ఎదిగింది కదా," అన్నారు సారు. "ఎవరి ఎదుగుదల వాళ్లది. రెండో తరగతిలో పిల్లకి టైఫాయిడ్ వచ్చిందన్నారు, ఆ ఏడు ఆగి ఉంటుంది. అప్పుడు బతికించుకుంది మీరేగా."

నాయనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పూట నన్ను చూస్తూ అన్నం పెట్టింది.

నేను పెద్దగా ఎదగలేదు; బస్సులో పై కడ్డీ ఇప్పటికీ అందదు. కానీ ఆమె పోయేదాకా మా మధ్య ఆ తప్పు మళ్ళీ రాలేదు. ఆ సారును తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. జ్వరం వచ్చిన ఆ ఏడు, సూర్యాపేట దవాఖాన మెట్లన్నీ నాయనమ్మ నన్ను చంకనేసుకొనే ఎక్కింది. కాలం నాకు ఎత్తు ఇవ్వలేదు గానీ, ఎత్తుకున్నవాళ్లను ఇచ్చింది.