మా వదిన పొయ్యికి పొగ లేదు

పోయిన శుక్రవారం ఉదయం బెంగాల్లోని మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా వదిన పైడితల్లమ్మ పరమపదించింది. ముందురోజు సాయంత్రం మా పొయ్యి ముందు నిలబడి నన్ను తిట్టి వెళ్లిన మనిషి తెల్లారేసరికి లేదంటే, కబురు తెచ్చినవాణ్ణే కసిరాను. సంతాపసభలో పెద్దలు లేచి ఆమె సాక్షాత్తూ అన్నపూర్ణ అన్నారు, చేతి పులుసు అమృతతుల్యం అన్నారు. పొయ్యి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బడి గడప తొక్కకుండా కూడబలుక్కుని అక్షరాలు నేర్చినవాణ్ణి. అయినా ఈ నాలుగు మాటలూ నేనే రాయక తప్పడం లేదు.

ఆమె అగ్నిని ఉపాసించిన తీరు అనన్యం. కర్రను మణికట్టు లావున చీల్చి చూరు కింద ఎండబెట్టేది. పాత బూడిద ఎత్తనిదే నిప్పు పెట్టేది కాదు. నడుముకు బిగించిన చెంగు, చేతికందే దూరంలో నీళ్ల బిందె, తెరిచిన కిటికీ. కాలనీకి కొత్తగా కాపరానికి వచ్చిన ప్రతి పిల్ల ఇంటికీ పిలవకుండానే వెళ్లి, కర్ర కుక్కిన పొయ్యిని చూసి, "ఏటమ్మా, దానికి ఊపిరాడనివ్వవా? నీ ముక్కులో గుడ్డ కుక్కితే నువ్వు పలుకుతావా?" అనేది. బెంగాలీ ఇల్లాళ్లకూ అదే పాఠం, వచ్చీరాని బెంగాలీలో. వాళ్లు నవ్వేవారు, నవ్వుతూనే కర్ర తగ్గించేవారు.

ఆమె కూతురి పెళ్లి సంగతి చెప్పాలి. విజయనగరం నుంచి మగపెళ్లివారు దిగే రోజు తెల్లవారుజామున అకాలవర్షం కురిసి, పెరట్లో పేర్చిన కర్రంతా నానిపోయింది. కీర్తిశేషుడైన మా అన్నయ్య బెంగపడలేదు. రైల్వే ఇళ్లలో అందరూ చేసే పనే చేశాడు. పట్టాల కింద నుంచి తీసేశాక వేలంలో కొన్న స్లీపర్ చెక్కలు తెచ్చి గాడిపొయ్యి పక్కన పడేశాడు. తారునూనె తాగిన చెక్క. అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమంటుంది. ఆ మంట చూసి మురిసిపోవడమే మనవాళ్లకు తెలుసు. ఆ పొగ కళ్లనూ రొమ్మునూ ఏం చేస్తుందో ఆలోచించరు. వదిన గరిటె కింద పెట్టేసింది.

"రైలు మోసిన కర్ర, పెళ్లి మొయ్యలేదేటి?" అన్నాడు అన్నయ్య.

"మోస్తాది. నా కూతురి పెళ్లన్నం తారుకంపు కొడితే, ఆ మాట నువ్వు మోస్తావా?"

మధ్యాహ్నానికి బండి వచ్చేస్తుంది. పొయ్యి వెలగలేదు. వదిన వీధిలోకి నడిచి, తాను పాఠం చెప్పిన గడపలన్నిటా ఒక్కటే అడిగింది: చూరు కింది ఎండుకర్ర, ఇంటికో చేతిమోపు. కాసేపటికి కాలనీ యావత్తూ కర్రలు మోసుకుంటూ మా పెరట్లోకి వచ్చింది. పక్కింటి బెంగాలీ దీదీ తన మోపు దింపుతూ, "ఊపిరి ఆడనివ్వు, మాషీమా" అని, పిన్ని వరస కలిపి, తెలుగులోనే వదిన పాఠం వదినకు అప్పజెప్పింది. పెరడంతా నవ్వులే. వదిన ఆ ఎండుకర్రతో పొయ్యి వెలిగించి, నానిన కర్రను దానికి ఎడంగా పేర్చి, ఆ సెగకే ఆరనిచ్చి, రాత్రి వంట దానితోనే కానిచ్చింది. మగపెళ్లివారు వచ్చి, ఎక్కడా పొగ కనబడకపోయేసరికి వంట మొదలే కాలేదనుకుని ముఖాలు మాడ్చుకున్నారు. విస్తళ్లు వేశాక గాని తేరుకోలేదు. ఆనాడు తిన్నంత అన్నం నేను మళ్లీ తినలేదు.

శుక్రవారం శ్మశానంలో మనవాళ్లు చితికర్రను సందు లేకుండా బిగించి పేరుస్తున్నారు. ఆవిడ పాఠం ఆవిడ దగ్గరే మరిచిపోయారు. నాకు కోపం ఆగలేదు. అంతా లాగించి, గాలాడేలా మళ్లీ పేర్పించాను. విసుక్కున్నారు, విసుక్కోనీ. అటువంటి గురువు ఈ కాలనీకి మళ్లీ దొరకదు. మంట నిటారుగా, నిర్మలంగా లేచింది.

వదినా, పొగ రాలేదు.