గేటు అవతలి అద్దె ఇల్లు

మా టౌనులో ఇంటి అద్దెను గదులు చూసి కట్టరు, రైలు గేటు చూసి కడతారు. గూడూరు నుంచి మద్రాసు వైపు పోయే లైను ఊరిని నిలువునా రెండుగా చీలుస్తుంది. స్టేషనులోకి దారి ఒక వైపునే ఉంది. ఆ వైపును ఇవతల అంటారు, హైవే ఉన్న రెండో వైపును అవతల అంటారు. అవతల కాపురమున్నవాళ్ళు కూడా తమ వైపును అవతల అనే అంటారు. ఇవతల రెండు గదులకు పోసే డబ్బుకు అవతల రెండు గదులు, వరండా, పెరట్లో బోరింగు, ఒక మునగచెట్టు వస్తాయి. అయినా జనం ఇవతలకే ఎగబడేవాళ్ళు.

కారణం చిన్నది. రైలు వచ్చే ముందు గేటు వేస్తారు. మనం ఎక్కాల్సిన రైలు కోసమే వేస్తారు. దాని ముందు ఒక గూడ్సు ఉంటే గేటు ఇంకాస్త ముందుగా పడుతుంది. అవతలి ఇంటివాడు గేటు దగ్గరికొచ్చి తన రైలు తన కళ్ళ ముందే పోవడం చూస్తాడు, లేదా కడ్డీ కింద వంగి దూరతాడు. అందరూ దూరేవాళ్ళే. టిఫిను క్యారేజీలతో, పుస్తకాల సంచులతో, పట్టుచీరలతో కూడా దూరేవాళ్ళు. గేటుమ్యాను అరిచేవాడు, వీళ్ళు వినేవాళ్ళు కాదు. ఆ అరుపు కూడా రైలు టైములో ఒక భాగమైపోయింది.

నేను తడ దగ్గరి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాదే మా నాయన పోయాడు. పులికాట్ ఒడ్డున ఉన్న మా పల్లె నుంచి అమ్మను టౌనుకు తీసుకురావాలి. నాకు కంపెనీ బస్సు హైవే మీద జంక్షనులో ఆరింటికి వస్తుంది. అమ్మకు అయిదున్నర ప్యాసింజరు కావాలి. రెండింటికీ నడిచిపోయే ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. ప్రతి టు-లెట్ బోర్డు మీదా 'స్టేషనుకు అయిదు నిమిషాలు' అని ఉండేది. ఆ అయిదు నిమిషాలు ఎవరి కాళ్ళవో బోర్డు మీద ఉండదు.

అమ్మ చేపలమ్ముతుంది. సాయంత్రం పల్లె నుంచి ఆటోలో వచ్చిన సరుకును ఇంట్లో ఐసుపెట్టెలో ఉంచి, తెల్లవారుజామునే గంపకు సర్ది, రైలెక్కి పక్క ఊళ్ళలో వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. రొయ్యలు, పీతలు, ఏది పడితే అది. ఐసు వేసిన గంప ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుసు. ఆటోవాళ్ళు గంపను చూస్తే బండి ఆపరు. ఆపినా సీటు తడుస్తుందని రెట్టింపు అడుగుతారు.

నిండు గంపను మనిషి తనంతట తాను తలకెత్తుకోవడం కుదరదు. ఎదురుగా ఇంకొకరు నిలబడి చెయ్యి వెయ్యాలి. అందుకే మా పల్లె ఆడవాళ్ళకు దూరాలు రెండే రకాలు. దించకుండా పోయే దూరం ఒకటి, మధ్యలో దించాల్సిన దూరం ఇంకొకటి. గుంపుగా పోయేటప్పుడు రెండోదైనా పరవాలేదు, ఒకరికొకరు ఎత్తుకుంటారు. టౌనులో అమ్మ ఒక్కతే. తెల్లవారుజామున దారిలో దించితే మళ్ళీ ఎత్తే దిక్కుండదు. కాబట్టి అమ్మకు ఇల్లంటే దించకుండా స్టేషను చేరగలిగినది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఆ గంపను రోజూ ఎత్తింది నేనే.

ఇవతల నాలుగైదు ఇళ్ళు చూశాను. ఒకచోట అద్దె విని నేనే వెనక్కొచ్చాను, ఇంకోచోట చేపలని విని వాళ్ళు తలుపులు దగ్గరికేశారు. అవతల ఒకామె మాత్రం నిమిషంలో ఒప్పుకుంది. మంచి మనిషి, నోరు పెద్దది. భర్త కరెంటాఫీసులో చేసి రిటైరైనాడు. "చేపలైతే ఏముందిమ్మా, బోరింగు కాడ కడుక్కోండి. స్టేషను ఎంతసేపు, నాలుగు నిమిషాలు," అంది. అద్దె మూడున్నర వేలు. నేను వాచీ పెట్టుకుని రెండుసార్లు నడిచి చూశాను. నాలుగు నిమిషాలే పట్టింది. రెండుసార్లూ గేటు పడి ఉంది. రెండుసార్లూ హ్యాండుబ్యాగు చంకన పెట్టుకుని కడ్డీ కింద వంగి దాటాను. ఆ ఇల్లు నా బస్సు ఆగే జంక్షనుకు మరీ దగ్గర. ఇంతకంటే ఏం కావాలనుకుని అడ్వాన్సు ఇచ్చేశాను.

చేరిన మర్నాడు అయిదు దాటాక గంప ఎత్తి పంపాను. స్నానం చేసి, తల దువ్వుకుని, తాళం వేయబోతుంటే అమ్మ నిండు గంపతో తిరిగి వస్తోంది.

"పట్టు, దించు," అంది. ఇద్దరం దించాం. నెత్తి మీది చుట్టకుదురు తీసి మెడ పట్టుకుని గడప మీద కూలబడింది.

"ఏమైందిమా?"

"గేటేసినాడు. గూడ్సు పోయె, నా రైలూ పోయె. అందరూ వొంగి దూరిపోతా ఉండారు. నేనెట్ట వొంగేది?"

"గేటుమ్యానును పిలిచి దించుకోకపోయినావా?"

"దించితే? కడ్డీ కింద దాన్ని ఈడ్చకపోవాల్నా? ఆ పక్క ఎత్తేదెవురు, నీ అత్తనా?"

నాకు మొదట అమ్మ మీదే కోపం వచ్చింది. బస్సుకు టైమైందని విసురుగా వెళ్ళిపోయాను. బస్సు ఎక్కి కూర్చున్నాక సిగ్గేసింది. గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి నడుము వంచడం కుదరదన్నది పల్లెలో అయిదేళ్ళ పిల్లకు తెలుసు. నేను ఖాళీ నెత్తితో ఇల్లు చూశాను. ఆ రోజు సరుకు మా వీధిలోనే ఎంతకంటే అంతకు పోయింది. ఇంటామె అర్ధకిలో రొయ్యలు కొని, బేరం కూడా ఆడింది.

అడ్వాన్సు ఇచ్చేశాం కాబట్టి ఇల్లు మారలేదు, మా టైములు మారాయి. నాలుగున్నరకు గేటు తెరిచి ఉంటుందని అమ్మ కనిపెట్టింది. నేను నాలుగింటికి లేచి గంప ఎత్తేదాన్ని. ఆమె గేటు దాటి, ప్లాట్‌ఫారం మీద ఎవరి చేతనో గంప దించుకుని గంట సేపు కాచుకునేది. నేను మళ్ళీ పడుకునేదాన్ని కాదు, పడుకుంటే లేవనని. ఇలా రెండేళ్ళు. మా ఇంటి అద్దె ఎందుకు తక్కువో ఆ రెండేళ్ళలో బాగా అర్థమైంది. మేము మిగుల్చుకున్న డబ్బును మా నిద్రతో కట్టాం.

ఆ తర్వాత గేటు దగ్గర అండర్ బ్రిడ్జి తవ్వడం మొదలైంది. తవ్వారు, ఆపారు, వానకు నిండితే తోడారు, మళ్ళీ తవ్వారు. అమ్మ రోజూ సాయంత్రం పోయి చూసొచ్చి నాకు చెప్పేది. ఎంత లోతు పోయింది, కాంక్రీటు ఎప్పుడు పోస్తారు, మనుషులు నడవడానికి పక్కన గట్టు వేస్తున్నారా లేదా. పనివాళ్ళకు ఆమె పేరు పేరునా తెలుసు. మా సొంత ఇంటికి పునాది తీస్తున్నా అంత శ్రద్ధ చూపేది కాదేమో.

తెరిచిన రోజు గేటు పూర్తిగా మూసేశారు. అమ్మ అయిదుంబావుకు బయల్దేరింది. సాయంత్రం వచ్చి, "రోడ్డు మాదిరే ఉండాది మే. వొంగేది లేదు, నిలబడేది లేదు. పోయినా, రైలెక్కినా," అంది. అదే మాట పక్కింట్లో చెప్పింది, బోరింగు దగ్గర చెప్పింది. నాకూ సంతోషమేసింది. గంట నిద్ర ఎక్కువ వచ్చింది.

నెల తిరక్కుండా మా వీధిలో బోర్డులు కొత్త రంగు వేసుకున్నాయి. 'స్టేషనుకు నడక దూరం' అని ఇంతింత అక్షరాలు. ఖాళీగా పడి ఉన్న కొట్టుగదులకు కూడా సున్నం కొట్టి తాళాలు మార్చారు. మద్రాసు వైపు రోజూ రైల్లో పోయొచ్చే కుర్రకారు జతలు జతలుగా వచ్చి ఇళ్ళు చూసి పోతున్నారు. అద్దెలు కొండెక్కాయి. మూడో నెలలో మా ఇంటామె వచ్చి వరండాలో కూర్చుంది. అమ్మ అప్పటికి సరుకు అమ్మి రాలేదు.

"నేనేం అన్యాయంగా అడగడం లేదుమ్మా. ఇవతల అందరూ ఏం తీసుకుంటా ఉండారో అదే," అంది. తన ఇంటిని ఆమె ఇవతల అనడం నేను వినడం అదే మొదటిసారి. "అయిదు వేలు చెయ్యి. కొత్తోళ్ళనైతే ఆరడుగుదును. మీరు నికరంగా ఇచ్చినోళ్ళు."

నిజమే, అన్యాయం కాదు. దారి ఆమె వెయ్యలేదు, మేమూ వెయ్యలేదు. దారి వచ్చింది, ధర వచ్చింది. దాని కోసం రెండేళ్ళు గేటు దగ్గర నిలబడినవాళ్ళు ఎవరన్నది ధరకు పట్టదు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది. అయిదు వేలు మేము కట్టగలం. నా జీతం పెరిగింది, అమ్మ సంపాదన ఉంది. కట్టలేక కాదు, నేను కట్టదలుచుకోలేదు. రోజూ గంప ఎత్తాక నేను రెండుసార్లు స్నానం చేసేదాన్ని. పౌడరు దట్టంగా అద్దుకునేదాన్ని. అయినా బస్సులో నా పక్క సీటు అన్నిటికంటే ఆఖరున నిండేది. ఎవరైనా కిటికీ అద్దం జరిపితే నా వల్లేనని ముడుచుకుపోయేదాన్ని. ఇంకెన్నాళ్ళు మోస్తావు, మానెయ్యి అని అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మోకాళ్ళ పేరు చెప్పాను, ఎండల పేరు చెప్పాను. వాసన పేరు మాత్రం చెప్పలేదు. అమ్మ నవ్వి ఊరుకునేది. ఇంటామె అద్దె పెంచగానే నాకు సాకు దొరికింది.

సాయంత్రం అమ్మ రాగానే, "ఏడు వేలు అడుగుతా ఉంది," అన్నాను.

అమ్మ చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది. "ఏడా? ఈ ఇంటికా?"

"స్టేషను పక్కిల్లంట ఇప్పుడు."

"మనిషి మంచిదే అనుకుంటినే," అంది. చెంబు కింద పెట్టి, "ఇంగ యాడన్నా చూడు," అంది. ఇంటామెను ఒక్క మాట అడగలేదు. అడిగితే నా గుట్టు బయటపడేది. కానీ అద్దె దగ్గర బతిమాలడం మా అమ్మ వంటికి పడదు. ఆ సంగతి నాకు తెలుసు, దాన్నే నమ్ముకున్నాను.

హైవే దాటాక కొత్తగా వేసిన ప్లాట్లలో ఇల్లు తీసుకున్నాను. మూడు వేలే. స్టేషను అక్కడి నుంచి రెండుసార్లు దించుకోవాల్సినంత దూరం. దించితే ఎత్తేవాళ్ళు లేరు. అమ్మ ఒకరోజు ఖాళీ చేతులతో ఆ దారి నడిచి చూసొచ్చింది. మర్నాడు ఐసుపెట్టెను ఆటోకెత్తించి పల్లెలో పిన్నికి పంపేసింది. నేను కొత్త కుక్కరు కొన్నాను.

అప్పట్నుంచి అమ్మ ఇంట్లోనే. మోపెడు మీద చేపలవాడు వస్తే కొనకపోయినా పిలుస్తుంది. చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది మొన్నటిది, ఐసులో పెట్టి నిన్నటిది అంటా ఉండావు," అని గొడవ పెట్టుకుంటుంది. వాడు మా వీధికి రావడం మానేశాడు. టీవీ చూస్తూ కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయంటుంది. మోసినన్నాళ్ళూ నొప్పి అనని మోకాళ్ళు ఇప్పుడు నిజంగానే నొప్పి పుట్టాయి. నా అబద్ధాల్లో అదొక్కటి నిజమైంది.

ఆరేడు నెలలకు ఒక ఆదివారం పాత ఇంటామె వెతుక్కుంటూ వచ్చింది. మా తర్వాత చేరిన కుర్రాళ్ళు రెండు నెలల అద్దె ఎగ్గొట్టి పోయారట. మంచినీళ్ళు తాగి, నేరుగా అమ్మతో మొదలుపెట్టింది.

"నువ్వే వొచ్చెయ్ అక్కా. నీ కూతురికి ఆ రోజు చెప్పినా గదా అయిదు వేలని, ఇంకో రెండొందలు తగ్గించుకో. నాకు తగువుల్లేని మనుషులు కావాల. స్టేషను దగ్గిర, నీ యాపారానికీ బాగుంటాది."

నేను స్టవ్వు దగ్గర ఉన్నాను. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"అవును, అయిదే చెప్పింది నా కూతురు," అంది అమ్మ. "మాకే కుదర్లా. ఇప్పుడు మోకాళ్ళు లేస్తా లేవు లేక్కా. నాకింగ స్టేషనెందుకు? వేరే ఎవురికన్నా ఇచ్చుకో."

ఇంటామె కాఫీ తాగి, కాసేపు ఊరి కబుర్లు చెప్పి వెళ్ళిపోయింది. అమ్మ గ్లాసులు తీసుకొచ్చి సింకులో పెట్టింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది. నా పక్కనే నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"గంప వాసనొస్తా ఉందని బస్సులో నిన్నెవురన్నా ఏమన్నా అన్నారా మే?"

లేదన్నాను. అది నిజమే. ఇన్నేళ్ళలో ఆ బస్సులో నన్ను ఒక్కరు కూడా ఏమీ అనలేదు.