వరి చేతుల్లో ఆర్కిడ్

వెంకటనరసమ్మగారు మా ఎదురు ఫ్లాట్‌లోకి వచ్చేనాటికి అరవై దాటాయి. ముదినేపల్లి దగ్గర సొంత పొలంలో వయసంతా వరి పండించిన మనిషి. భర్త పోయాక కూడా కౌలుకివ్వకుండా, తనే గట్టు మీద నిలబడి నాట్లు వేయించారు. మోకాళ్లకి ఆపరేషన్ అయ్యాక ఇక పొలం వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో, ఏలూరులో కొడుకు గోపీనాథ్ దగ్గరికి వచ్చేశారు. పొద్దున్నే బాల్కనీలోకి వచ్చి ఆకాశం చూసి, "ఇవాళ వానుందండి" అని నాతో చెప్పేవారు. వానొస్తే చేయాల్సిన పని మాత్రం ఆవిడకి ఏమీ ఉండేది కాదు.

కోడలు ఉషశ్రీ కాలేజీలో లెక్చరర్. ఏదో సభలో ఆమెకి కుండీతో సహా ఆర్కిడ్ మొక్క ఇచ్చారు. పొడుగాటి కాడకి వరసగా ఊదారంగు పూలు.

"అత్తయ్యగారూ, దీన్ని మీరే చూసుకోవాలండి," అంది.

"ఎకరాలు చూసినదాన్ని, ఇదెంతమ్మా!" అని నవ్వారావిడ.

పొద్దునా సాయంత్రం కుండీ నిండా నీళ్లు పోశారు. అందులో బెరడు ముక్కలే తప్ప మట్టి లేదని, పొలం నుంచి నల్లమట్టి తెప్పించి కూరారు. పడమటి బాల్కనీలో ఎండకి పెట్టారు. నెల తిరక్కుండానే పూలన్నీ రాలాయి. ఆకులు పసుపెక్కి మెత్తబడ్డాయి. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లిపోయి, నొక్కితే జారిపోతున్నాయి.

"పోనివ్వండి అత్తయ్యగారూ. ఈ మొక్కలు మన ఎండలకి బతకవు," అంది ఉషశ్రీ.

"మొక్కదేం తప్పు లేదమ్మాయ్. నాకే తెలీలేదు," అన్నారావిడ. నాకు ఆవిడ మీద గౌరవం మొదలైంది ఆ మాటతోనే.

ఆ ఆదివారం మొక్కని సంచీలో పెట్టుకుని, తాడేపల్లిగూడెం అవతల నిత్యానందంగారి నర్సరీకి బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్లాను. నిత్యానందంగారికి గోపీనాథ్ వయసుంటుంది. ఆవిడ ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "నాకు ఏమీ రాదనుకుని మొదట్నుంచీ చెప్పండి బాబూ," అన్నారు.

"ఇది అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరిగేదండి. మట్టి అక్కర్లేదు. నీళ్లలో నానితే వేళ్లకి గాలాడదండి."

ఆవిడ కుళ్లిన వేళ్లకేసి చూశారు. "కొల్లేరు వైపు చెరువుల్లో ఏరియేటర్లు తిప్పుతారు, చేపలకి గాలి చాలదని. అలాగన్నమాట!"

"అలాగేనండి!" అంటూ ఆయన బ్లేడు మంట మీద కాల్చి, కుళ్లిన వేళ్లన్నీ కోసేశారు. గట్టిగా ఉన్న వేళ్లు రెండు మూడే మిగిలాయి. కోసినచోట్ల ఆరనిచ్చి, చిల్లుల కుండీలో బొగ్గుముక్కలు, పీచున్న కొబ్బరిడొక్క ముక్కలు వేసి నిలబెట్టారు. "వేళ్లు పచ్చగా ఉన్నంతకాలం దాహం లేనట్టండి. తెల్లబడితే అప్పుడు తడిపి, నీరంతా కారిపోనివ్వండి."

ఆవిడకి అన్నిటికంటే కష్టమైంది నీళ్లు పోయకుండా ఉండడం. మగ్గు పట్టుకుని కుండీ దాకా వెళ్లి, వేళ్లు చూసి, వెనక్కి తిరిగి రావడం నేనెన్నిసార్లు చూశానో! కుండీని తూర్పు కిటికీ దగ్గరికి మార్చి, ఎండ తగలకుండా పల్చటి తెర కట్టారు. వేసవిలో తేమ కోసం కుండీ కింద గులకరాళ్ల పళ్లెం పెట్టి అందులో కాసిని నీళ్లుంచారు. ముసురు పట్టినప్పుడు ఆకుల మొదట్లో నిలిచిన తడిని నూలుగుడ్డతో అద్ది, ఫ్యాను వేశారు. చాలాకాలం మొక్కలో ఎదుగుదలే లేదు. వానలు వెనకబట్టాక ఒక లేతాకు వచ్చింది. మరుసటి చలికాలంలో ఆకు సందులోంచి ఒక చిన్న మొలక పొడుచుకొచ్చింది.

"మొగ్గకాడే అత్తయ్యగారూ! ఇప్పుడు కొంచెం ఎక్కువ నీళ్లు పోద్దామా?" అంది ఉషశ్రీ సంబరంగా.

"వద్దమ్మా. దానికేం కావాలో అదే చెబుతుంది. నువ్వా మగ్గు అక్కడ పెట్టు."

మాఘమాసంలో మొదటి పువ్వు విచ్చింది. ఆవిడ తలుపు కొట్టి పిలిస్తే పరిగెత్తాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఇన్నేళ్లు ఏది పండించినా కోసి ఇంటికి తెచ్చుకోడానికేనండి. ఊరికే చూసుకోడానికి పెంచింది ఇదొక్కటే," అన్నారు. కళ్లు తుడుచుకున్నారు కూడా.

ఆ పూలు ఎండలు ముదిరేదాకా నిలిచాయి. అపార్ట్‌మెంట్లో అందరూ వచ్చి చూసి వెళ్లారు. కింద వాటా క్రిస్టినా తన మొక్క వాడిపోయిందని తెస్తే, ముందు వేళ్లు చూపించమని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఈమధ్య ఇంకో రకం ఆర్కిడ్ తెచ్చుకున్నారు, చెరుకుగడల్లాంటి సన్నటి కాడలది. మొన్న దాని ఆకులు రాలడం మొదలైంది. వెంటనే నిత్యానందంగారికి ఫోను చేశారు.

"కాడ పచ్చగా, గట్టిగా ఉందాండి?" అని ఆయన అడిగారు.

ఆవిడ వేళ్లతో నెమ్మదిగా నొక్కి చూశారు. "ఉందండి."

"అయితే కోసెయ్యకండి అమ్మగారూ. ఆ బోడికాడకే పూలొస్తాయి."

"అమ్మయ్య! ఇది నాకు తెలీదు సుమండీ," అన్నారావిడ, చంటిపిల్లలా సంతోషపడిపోతూ.