మాస్టారి పేరు చెప్పింది నేనే

ఇంటి ముందు జీపు ఆగిన చప్పుడైతే ఇప్పటికీ కిటికీ రెక్క ఓరగా తీసి చూస్తాను. ఎవరో దిగి వచ్చి, "ఆ రోజు ఆ పేరు చెప్పింది మీరేగా" అని అడుగుతారేమోనని. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్లు చాలామంది పోయారు కూడా. అయినా భయం పోలేదు. నా భార్యకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల్లో నేనొకసారి ఎమ్మెల్యేగా ఉన్నాను. పత్తి, మిరప, పొగాకు పండే నియోజకవర్గం. ఏదో చెప్పను. అది కూడా భయమే అనుకోండి. అంతకుముందు గుంటూరు కోర్టులో వకీలుగా పనిచేసినవాణ్ణి, అసెంబ్లీలో బాగా మాట్లాడతానని పేరుండేది. పన్నుల గురించి ఎక్కువ మాట్లాడేవాణ్ణి. సంతకు బండి తోలుకొచ్చిన రైతు దగ్గర ఆశీలు రెండింతలు గుంజుతున్నారని, కట్టినవాడికి ఆ డబ్బు ఎటు పోయిందో నిలదీసే హక్కు ఉందని అనేవాణ్ణి. పేకాట మీదా అంతే. కూలివాడి కష్టాన్ని సాయంత్రానికల్లా ఊడ్చేసే ఆటకు పోలీసులే కాపలా ఉంటే, అది ఆట కాదు, చట్టంలో లేని పన్ను అన్నాను. బల్లలు చరిచారు. ఆ మాటలు నమ్మే అన్నాను. నమ్మనివాడినైతే ఇంత బాధ ఉండేది కాదు. లేక, నమ్మానని ఇప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానా?

మా పక్క ఊరి మిషన్ బడిలో రత్నం మాస్టారని ఒకాయన పనిచేసేవారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. ఒక మధ్యాహ్నం సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. ఊరి బయట వాడకుండా వదిలేసిన, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో పేకాట నడుస్తోందని చెప్పారు. పల్లెలో మగవాళ్ల కూలంతా అక్కడే పోతోందట. ఇల్లు గడవక పిల్లల్ని బడి మాన్పించి మిరపకాయల కోతకు తీసుకుపోతున్నారట. ఆడించేది ఎవరో కూడా చెప్పారు. సంతలో ఆశీలు వసూలు వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు. నా ఎన్నికల్లో జీపులు తిప్పినవాడు. ఎస్సైకి అందులో వాటా ఉందన్నారు.

ఆ కాంట్రాక్టరు పేరు వినగానే నాకు చెమటలు పట్టాయి. మాస్టారు అది కోపమనుకున్నారు.

"నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి సార్. ఆడపిల్లలున్నవాణ్ణి," అన్నారు లేస్తూ.

"మీరు నిశ్చింతగా వెళ్లండి మాస్టారూ. నా ప్రాణం పోయినా రాదు," అన్నాను.

ప్రాణం ఊసు ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను.

తర్వాతి సమావేశాల్లో బ్యారన్ సంగతి అసెంబ్లీలో లేవనెత్తాను. ఆడించేదెవరో చెప్పలేదు. ఊరి పేరు మాత్రం చెప్పాను. పత్రికల్లో వచ్చింది. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన కొద్దిరోజులకే, పొద్దున్నే కాంట్రాక్టరు వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు. నా భార్య కాఫీ తెచ్చిచ్చింది. మొహంలో కోపం లేదు.

"పాప చీరాల కాలేజీకి రైల్లోనే వెళ్తోందా సార్?" అని అడిగాడు.

అవునన్నాను.

"బ్యారన్ సంగతి మీకెవరు చెప్పారు?"

అతను నన్ను బెదిరించాడా? ఇన్నేళ్లూ ఆ రెండు ప్రశ్నల్నీ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. మా అమ్మాయి గురించి అతను ఎప్పుడూ అడిగేవాడు, పరీక్ష పాసైతే మిఠాయి పట్టుకొచ్చేవాడు. ఆ రోజూ అదే గొంతు. నీకెందుకయ్యా అనొచ్చు. ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందని అబద్ధమాడొచ్చు, వకీలుకు అబద్ధం దొరక్కపోవడమేమిటి? కానీ నాకు రైలు కనిపించింది, పెట్టెలో కిటికీ పక్కన మా అమ్మాయి కనిపించింది, ఆ తర్వాత ఇంకేమీ కనిపించలేదు.

"మిషన్ బడి రత్నం మాస్టారు," అన్నాను.

అతను తలాడించి కాఫీ తాగాడు. నాకు ఊపిరి తిరిగింది. ఇది రాయడానికే అన్నిటికంటే సిగ్గుగా ఉంది. ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. పాపం అమాయకుడు, ఏమీ అనకండని కూడా చెప్పాను, నా మాటకు అతను కట్టుబడతాడన్నట్టు.

మాస్టారిని కొట్టిస్తారనుకున్నాను. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. బడి పిల్లాడి తండ్రి ఒకడు బ్యారన్‌లో సొమ్మసిల్లి పడిపోయాడని మాస్టారికి కబురు పంపారు. ఆయన పరుగున వెళ్లారు. లోపలికి అడుగుపెట్టాక పోలీసు జీపు వచ్చింది. నలుగురు కూలీలతో పాటు ఆయన్నీ పట్టుకున్నారు. ఆడించేవాడు ఆయనేనని రాసుకున్నారు. ఆ సాయంత్రం చొక్కా జేబులో పేకముక్కలు కుక్కి, సంత మధ్యలోంచి నడిపించారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు మిరపకాయల బస్తాల పక్కన నిలబడి చూశారట. ఎమ్మెల్యే మాటతో పోలీసులు కదిలారని పత్రికలో నా ఫోటో వేశారు.

మిషన్ వాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారు. బెయిలు మీద బయటికొచ్చాక మాస్టారు భార్యను వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చారు. ఆయన పక్కన నిలబడగల మనిషిని నేనొక్కణ్ణే అనుకున్నారు.

"ఆ ఆట ఆపమని మీ దగ్గరికొచ్చింది నేనేనని కోర్టులో ఒక్క మాట చెప్పండి సార్. అంతే చాలు."

నేను సాక్ష్యమిస్తే ఆ సంగతి కాంట్రాక్టరుకు ఎలా తెలిసిందన్న ప్రశ్న వస్తుంది. చూద్దాం మాస్టారూ అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, తలదించుకున్నారు. ఆయన భార్య అడిగింది.

"మా వల్ల మీకేమన్నా ఇబ్బంది వచ్చిందా బాబుగారూ?"

"లేదమ్మా," అన్నాను.

కోర్టుకు వెళ్లలేదు. వాయిదా రోజున ఒంట్లో బాగాలేదని పడుకున్నాను. నిజంగానే జ్వరం వచ్చింది. శిక్ష పడిందని తర్వాత తెలిసింది. ఆ పై సమావేశాల్లో పౌర హక్కుల మీద మాట్లాడే వంతు నాకే వచ్చింది. ఫిర్యాదు చేసే పౌరుణ్ణి కంటికి రెప్పలా కాపాడాలన్నాను. ఎక్కడా తడబడలేదు. మళ్లీ చప్పట్లు.

మాస్టారి కుటుంబం కొత్తపట్నం వైపు వెళ్లిపోయింది. అక్కడ బెస్తవాళ్ల పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పేవారని విన్నాను. కొన్నేళ్లకు జబ్బు చేసి పోయారు. సమాధి చేసే రోజు బయల్దేరి ఒంగోలు బస్టాండు దాకా వెళ్లి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగొచ్చాను. ఆవిడ ఎదురై మళ్లీ నా యోగక్షేమం అడుగుతుందేమోనని.

మా అమ్మాయికి ఏమీ కాలేదు. కాంట్రాక్టరు మంచంలో నిద్రలోనే పోయాడు. అతని శవం మీద దండ వేశాను. ఇక భయపడడానికి ఎవరూ మిగల్లేదనుకున్నాను. ఆ రాత్రి లేచి వీధి తలుపు గడియ రెండుసార్లు సరిచూశాను. ఇన్నాళ్లూ నేను భయపడింది అతనికి కాదా? మరి ఎవరికి?

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేరు. మాస్టారి భార్య ఉన్నారు. ఈ కాగితాలు ఆవిడ దాకా వెళితే ఏమవుతుందోనని భయం, వెళ్లకపోతే ఇదంతా ఎందుకు రాశానోనని ఇంకో భయం. మీరు నన్ను ఏమనుకున్నా సరే. రత్నం మాస్టారు జన్మలో పేకముక్క పట్టలేదు. ఆయన్ని పట్టించింది నేను. అడిగిన వెంటనే చెప్పాను.

రాశాక ఈ మాటలు ఒకసారి పైకి చదివాను. పక్కగదిలో నా భార్య మేలుకునే ఉంది. అది తెలిసీ గొంతు తగ్గించలేదు, చివరిదాకా చదివాను.