మెడదాకా గుండీలు

మా ఇంట్లో నేను తల దించుకుంటే సిగ్గు, తలెత్తి చూస్తే ఇష్టం. మూడో అర్థం ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టదు. ఈ సాయంత్రం పెళ్లిచూపుల్లోనూ అదే జరిగింది.

అబ్బాయి కార్డిగన్ వేసుకొచ్చాడు. మన విజయవాడలో, ఆ ఊలు స్వెట్టర్‌కి మెడదాకా గుండీలన్నీ పెట్టుకుని, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నేను ఆ గుండీలనే చూస్తున్నాను. "కన్నార్పడం లేదే, నచ్చేశాడు," అని మామ్మ మా అమ్మని గిల్లింది.

వన్ టౌన్‌లో బట్టల కొట్టున్న మా నాన్నకి, ఎవరి ఒంటిమీద కొత్త బట్ట కనిపించినా నలిపి చూడటం అలవాటు. అబ్బాయిని పలకరిస్తున్నట్టే ఆ కార్డిగన్ అంచు పట్టుకుని నలిపారు. "మంచి సరుకండీ," అన్నారు. ఆ మాటతో సంబంధం ఖాయమైనట్టే అబ్బాయి తరఫువాళ్లు స్వీట్లు అందుకున్నారు.

చూడలేక నేనే అన్నాను: "గుండీలు తీసేయండి. లోపల తెల్ల టీషర్టు వేసి, చేతులు మోచేతులదాకా మడిస్తే రోజూ వేసుకోవచ్చు, బాగుంటుంది."

అతని చెయ్యి పై గుండీదాకా వెళ్లి ఆగింది. వాళ్లమ్మ వైపు చూశాడు.

"వద్దు నాన్నా, నేను పెట్టాగా, ఉంచుకో," అందావిడ.

చెయ్యి దిగిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల చెయ్యి.

అప్పుడే మొగుడి బట్టల మీద ఎంత శ్రద్ధో అని మావాళ్లు మురిసిపోయారు. గుండీ విప్పుకోవడానికే అమ్మ వైపు చూసినవాడు, రేపు నా ఉద్యోగం మాటొస్తే ఎవరి వైపు చూస్తాడో మీరే చెప్పండి.

నాన్నకి చెప్పేశాను. కార్డిగన్ బాగుంది, అబ్బాయి వద్దు.