నా చేతికి తెలియని వణుకు

మొన్న మా అల్లుడు కొత్త బండి కొనుక్కుంటూ, పెద్దవాణ్ణి పక్కన ఉంచుకోవాలన్న మర్యాద కొద్దీ నన్ను కూడా ఉప్పల్‌లోని షోరూముకు తీసుకువెళ్ళాడు. సీటు కిందికి దిగి, హ్యాండిల్ మన వైపుకు వంగి, కాళ్ళు ముందుకు చాపుకొని పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే బండి అది, క్రూజర్ అంటారు. అక్కడున్న అమ్మాయి ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్ పట్టుకొని చూడండి అంకుల్, వైబ్రేషన్ అన్నదే తెలియదు అంది. నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. నువ్వే చూసుకో నాయనా, నా చేతుల మాట నమ్మకు అంటే, మామయ్య వేళాకోళం ఆడుతున్నాడనుకొని అల్లుడు నవ్వాడు. వేళాకోళం కాదు. తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ళ ముందు ఈ చేతుల మాట నమ్మే నేనొక బండి కొన్నాను, ఆ బండి మూలంగా సొంత మనిషి ఎముక విరగ్గొట్టాను. ఈ సంగతి అల్లుడికి తెలియదు, మా అమ్మాయికి సగమే తెలుసు. నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారని, కనీసం చివరిదాకా వింటారని, మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను నాచారంలో ఒక ఫౌండ్రీలో పని చేసేవాణ్ణి. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసి తీసిన కాస్టింగులు, అంటే పంపు బాడీలు, వాల్వులు, ఒళ్ళంతా ముళ్ళతో బయటికి వచ్చేవి, చేతి గ్రైండరుతో వాటిని నున్నగా చెయ్యడం నా పని. ఎనిమిది గంటలు ఆ గ్రైండరు రెండు చేతుల మధ్యా గింజుకునేది, షిఫ్టు దిగి టీ తాగుదామంటే గ్లాసు పెదవుల దాకా రాకముందే సగం అంగీ మీద పడేది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పని పూర్తయిన కాస్టింగు మీద కళ్ళు మూసుకొని అరచెయ్యి ఆనించి నిమరాలి, చెయ్యి ఒప్పుకుంటేనే అది ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళాలి. పదహారేళ్ళలో నా అరచేతికి ఎంత పేరు వచ్చిందంటే, వేరేవాళ్ళు చేసిన సరుకును కూడా ఫోర్‌మన్ నా ముందు పెట్టించి, జర చెయ్యి పెట్టి చెప్పరాదే అనేవాడు. నేను కళ్ళు మూసుకొని, పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దమనిషిలా నిదానంగా తల ఊపేవాణ్ణి. ఆ గొప్ప అంతా ఇంతా కాదు.

అది మెత్తటి మనుషులు బతికే చోటు కాదులెండి. గ్రైండింగ్ చక్రం పగిలిందంటే ముక్క ఎవరి మీదికి వస్తుందో తెలియదు. నా పక్కన నిలబడి పని చేసే సిద్దిపేట అతని దవడను ఒకసారి అలాంటి ముక్క చీల్చుకుపోయింది, ఇంటికి వెళ్ళి అంగీ విప్పితే అతని పన్ను ఒకటి దాని చేతి మడతలో దొరికింది. నెత్తురు మీద ఇసుక చల్లి, మర్నాడు పొద్దున అక్కడే నిలబడి పని చేశాం. గేటు బయట కొట్లాటలు సరే సరి, క్యాంటీన్ వరుసలో ముందుకొచ్చినందుకు తలలు పగిలేవి. పైగా ఉద్యమం రోజులు, బంద్ అంటే ఉప్పల్ చౌరస్తాలో టైర్లు తగలబడేవి, రాళ్ళు పడేవి, లాఠీలు లేచేవి, ఆ వేడి అందరి ఒంట్లోనూ ఎక్కి ఉండేది. నేను అందరికంటే ఒక మెట్టు పైనే. మాట సగంలో ఉండగానే చెయ్యి లేచేది. ఆ ఏడాది నేను తల ఊపి పంపిన కాస్టింగులు గరుకుగా ఉన్నాయంటూ వెనక్కి రావడం మొదలైంది. రెండోసారి వచ్చినప్పుడు సరుకు పరీక్షించే ఇన్‌స్పెక్టర్ మెడ పట్టుకొని గోడకేసి కొట్టాను, అతని కళ్ళజోడు కాలి కింద వేసి నలిపాను. వాడు నా పేరు చెడగొట్టడానికే పుట్టాడనుకున్నాను.

అప్పటికి నారపల్లిలో ప్లాటు కొని రెండు గదులు వేసుకొని ఉన్నాం. అక్కడి నుంచి నాచారం దాకా గుంతల రోడ్డు మీద, లారీల మధ్య, పాత మోపెడ్ మీద రోజూ రావడం పోవడం. నడుము విరిగిపోయేది. చలికాలం పొద్దున వేళ్ళ కొనలు సున్నం పూసినట్టు తెల్లబడేవి. మా ఆవిడ పోరు పడలేక దవాఖానకు వెళితే డాక్టరు నా వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి, వైబ్రేషన్‌కు దూరంగా ఉండాలి, లేకపోతే నరాలు చచ్చిపోతాయి అన్నాడు. ఆయన చెప్పింది గ్రైండరు గురించి. నేను అర్థం చేసుకున్నది బండి గురించి. గ్రైండరు అన్నం పెడుతోంది, దాని మీద అనుమానం ఎలా వస్తుంది? వైబ్రేషన్ లేని, నడుముకు సుఖమైన క్రూజర్ కొనాలని ఆ రోజే తీర్మానించుకున్నాను.

బండ్ల సంగతి తెలిసినవాడు మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. మా పెళ్ళినాటికి అతనికి పన్నెండేళ్ళు, నా సైకిలు ముందు బారు మీద కూర్చోబెట్టుకొని ఊరంతా తిప్పినవాణ్ణి, కొడుకులా చూసుకున్నాననే అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఉప్పల్‌లో మెకానిక్ షాపు పెట్టాడు. వరుసగా మూడు ఆదివారాలు షాపు మూసుకొని నాతో తిరిగాడు. బోనసు, మా ఆవిడ చిట్టీ కలిపి చేతిలో ఉన్నదే బడ్జెట్, అప్పు మాట ఎత్తకూడదన్నది ఆమె షరతు.

మొదట చూసింది వీధి చివరి దాకా వినిపించేలా దబదబమని కొట్టుకునే పెద్ద బండి. కూర్చుంటే రాజాలా ఉన్నాను కాని, మోకాళ్ళ మధ్య ట్యాంకు జ్వరమొచ్చిన మనిషిలా వణికింది, ధర కూడా మాకు అందేది కాదు. రెండోది మా బావమరిది దగ్గరికి సర్వీసింగుకు వచ్చే ఒక టీచరుగారి చిన్న క్రూజర్. ఇంజన్ చిన్నది, మెత్తగా నడుస్తుంది, ధర మా చేతిలోనే ఉంది. అతనికి అదే నచ్చింది. అతని పరీక్ష ఒక్కటే, అద్దం. "అరవైల పోతుంటె అద్దంల ఎనుక లారీ నంబరు సదవరావాలె బావా. సదవరాలేదంటె ఆ బండి నీ ఒళ్ళు గుల్ల జేస్తది" అనేవాడు. ఆ చిన్న బండి అద్దంలో నంబరు చక్కగా కనిపించింది. నాకే మనసొప్పలేదు. నా పొట్టకు, నా మీసానికి ఆ బక్క బండి ఏమిటని నామోషీ.

మూడోది అంబర్‌పేట్‌లో ఒక బ్రోకరు దగ్గర ఉంది. పొడుగ్గా, తళతళలాడుతూ, వెనక సీటుకు ఆనుకోవడానికి దిండు కూడా ఉన్న సెకండ్ హ్యాండ్ క్రూజర్, ధర మా బడ్జెట్‌లోకి దిగి వచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేయించి, రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసి, కాస్టింగు నిమిరినట్టే కళ్ళు మూసుకున్నాను. వెన్న. ఎక్కడా అదురు లేదు. బావమరిది ఒక చుట్టు నడిపి వచ్చి, దిగుతూనే తల అడ్డంగా ఊపాడు. "ఒద్దు బావా. ఇంజన్ అదురు ఆపే రబ్బరు బుష్‌లు పోయినయ్, ఫ్రేముకు కూడ ఎప్పుడో దెబ్బ తాకింది. అద్దంల ఏం గనవడ్తలేదు." అద్దం వదులైందిలే అన్నాను. కాదన్నాడు. టీచరుగారి బండి అమ్మించాలని ఇతని ఆరాటం, అందులో ఇతనికేదో ముడుతుంది అని అప్పుడు నా బుర్రలో పడింది. పడ్డది పడ్డట్టే బ్రోకరు ముందు, "కమీషన్ కోసం అక్క మొగణ్ణే ముంచుతవురా" అనేశాను. అతని ముఖం మాడిపోయింది. వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు.

బండి ఇంటికి వచ్చిన వారానికే నంబరు ప్లేటు నిలువునా చీలింది. తర్వాత సైలెన్సర్ బోల్టు ఎక్కడో రాలిపోయింది. మా ఆవిడ ఒక రోజు సగం దారిలో ఆపించి దిగి, కాళ్ళు జుమ్మంటున్నయ్, నేను బస్సుల వస్త అంది. తమ్ముడి పాట అక్క పాడుతోందని నడిరోడ్డు మీద అరిచాను. నాకు మాత్రం నిజంగానే ఏమీ తెలియడం లేదు, హ్యాండిల్ ఎప్పటిలాగే వెన్నలా ఉంది. నడుము మాత్రం ముందుకంటే ఎక్కువ నొప్పి పెట్టేది, అది వయసు అనుకున్నాను. బావమరిది జరిగింది మనసులో పెట్టుకోకుండా, బండి తీసుకెళ్ళినప్పుడల్లా బోల్టులన్నీ బిగించి, బుష్‌లు మార్చాలె బావా అని చెప్పి పంపేవాడు. నేను విననట్టే ఉండేవాణ్ణి.

అలా అతను బిగించి పంపిన రెండో రోజు, ఉప్పల్ స్టేడియం దగ్గర వెనక ఫుట్‌రెస్ట్ ఊడిపోయి మా ఆవిడ రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ ఆమె తలకు మూరెడు దూరంలో ఆగింది. మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే ఆమెను ఆటో ఎక్కించి, నేను అదే బండి మీద తిన్నగా షాపుకు వెళ్ళాను. అంబర్‌పేట్‌లో పడ్డ మాటకు పగబట్టి బోల్టు వదిలేశాడనే ఒక్క ముక్క తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

మిట్టమధ్యాహ్నం. బండి స్టాండు వేశాను కాని ఇంజన్ ఆపలేదు. అతను కింద కూర్చొని చక్రం విప్పుతున్నాడు. జుట్టు పట్టి లేపి ముఖం మీద గుద్దాను. ముక్కు చిట్లింది. ఏమైంది బావా, ఏమైంది అంటూనే ఉన్నాడు, నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు, నాకంటే బలమైనవాడు. అది ఇంకా మంట పెట్టింది. అక్కడున్న పెద్ద స్పానర్ అందుకొని ఎడమ భుజం మీద వేశాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నా బండి పక్కనే వెల్లకిలా పడ్డాడు. ఎడమ చెయ్యి దేనిమీదో ఆనించి, అతని మీదికి వంగి, తల మీద వెయ్యడానికి స్పానర్ మళ్ళీ ఎత్తాను.

"బావా, చెయ్యి తియ్! సైలెన్సర్ మీదున్నది నీ చెయ్యి! కాల్తున్నది బావా!"

తప్పించుకోవడానికి ఆడుతున్న నాటకమనుకున్నాను. తర్వాత వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే నా అరచెయ్యి కాలే సైలెన్సర్‌ను హత్తుకొని ఉంది. లాగితే చెయ్యి వచ్చింది, తోలు అక్కడే ఉండిపోయింది. నొప్పి లేదు. ఇంకొకరి చెయ్యి కాలుతుంటే చూస్తున్నట్టుంది. స్పానర్ ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు. పక్క షాపుల వాళ్ళు వచ్చి నన్ను పట్టుకునేలోపు, అతను విరిగిన భుజంతో పాకుతూ వచ్చి, బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకొని, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టిలో నా చెయ్యి ముంచాడు. అతని ముక్కు నుంచి నెత్తురు ఆ నీళ్ళలో పడుతూ ఉంది.

ఇద్దరం ఒకే ఆటోలో దవాఖానకు వెళ్ళాం. దారి పొడుగునా నేను చెయ్యి చూసుకుంటూనే ఉన్నాను. కాలితేనే తెలియని చేతికి బండి వణుకు తెలుస్తుందా? ఇన్‌స్పెక్టర్ అబద్ధమాడలేదు, మా ఆవిడ అబద్ధమాడలేదు, అద్దం వదులవలేదు, ఆ ఫుట్‌రెస్టును ఊడదీసింది బండి వణుకే. నా చెయ్యి అబద్ధం చెప్పిన ప్రతిసారీ నేను నిజం చెప్పినవాళ్ళ మీద పడ్డాను. సిగ్గుతో ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. డాక్టరు ఏమైందని అడిగితే, ఇద్దరం బండి మీంచి పడ్డం సార్ అని బావమరిదే చెప్పాడు.

అతని ఎముక వంకరగా అతుక్కుంది. ఇంజన్ ఎత్తే బలం ఆ చేతికి మళ్ళీ రాలేదు, ఏడాది తిరక్కుండా షాపు తీసేసి, ఒకరి స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చున్నాడు. నేను గ్రైండరు వదిలి స్టోర్సులోకి మారాను, ఆ బండిని తుక్కు కింద అమ్మేశాను. ఇన్‌స్పెక్టర్‌ను వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమన్నాను. బావమరిది ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. లే బావా, అయిపాయె అన్నాడు. అతని భార్య మాత్రం లోపలి నుంచి బయటికి రాలేదు.

ఇప్పుడు ఉప్పల్ మీదుగా మెట్రో తిరుగుతోంది, మా ఫౌండ్రీ ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, మన రాష్ట్రం మనకు వచ్చింది, అదరని బండ్లూ వచ్చాయి. అరచెయ్యి ఆనించి సరుకు చూసే పద్ధతి ఇంకా ఉందో లేదో తెలియదు, ఉంటే దానికి నాలాంటి మూర్ఖుడు దొరక్కూడదు. నేను ఆ రోజు నుంచి ఇంతవరకు ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. మా ఆవిడ ఈ మాటకు సాక్షి.

పోయినేడు బావమరిది కూతురి పెళ్ళి జరిగింది. మేనమామ వరసవాళ్ళు ఎంతమంది ఉన్నా, ముందు బావే వెయ్యాలె అని పట్టుబట్టి నన్ను మండపం మీదికి పిలిచాడు. పిల్లలిద్దరూ తలలు వంచారు. అక్షింతలు తీసుకొని చెయ్యి పైకి ఎత్తాను. పక్కనే నిలబడ్డ బావమరిది మెడ ఒక్కసారిగా ముడుచుకొని, కుడి చెయ్యి వచ్చి ఎడమ భుజానికి అడ్డం పడింది. మరుక్షణమే తేరుకొని కండువా సర్దుకున్నట్టు సర్దుకొని నా వైపు చూసి నవ్వాడు. నేను చూడనట్టే నవ్వి అక్షింతలు వేశాను. అతను నన్ను ఎప్పుడో క్షమించాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆ భుజానికే ఆ కబురు ఇంకా అందలేదు.